తాటాకుల వరస

నందిగామ కాలేజీలో నేనూ, నా స్నేహితుడూ లెక్కల లెక్చరర్లం. ఏ పాపానికి ఎన్ని రోజుల ప్రాయశ్చిత్తమో పూర్వీకులు ఎలా లెక్కకట్టారన్నది అతని పీహెచ్‌డీ. ఆ ఆలోచన నాకెందుకు రాలేదని కడుపు మండేది.

ఓ ఆదివారం జగ్గయ్యపేటలో ఒక పంతులుగారింట్లో, అతని పరిశోధనకి పనికొచ్చే పాత తాటాకుల గ్రంథం కట్ట విప్పాం. అంచులు విరిగి ఆకుల మీది వరస అంకెలు పోయాయి. అతను మంచినీళ్లకు లోపలికెళ్లగానే నాలుగు ఆకులు తారుమారు చేశాను.

తిరిగొచ్చి చదువుతూ, “ఇక్కడ లెక్క తెగిందండీ, మీరూ ఓ చెయ్యి వేయండి” అన్నాడు. సాయంత్రం దాకా కూర్చుని ఇద్దరం సర్దాం.

థీసిస్ ముందుమాటలో, ఆకుల వరస సరిచేసినందుకు నాకు కృతజ్ఞతలు చెప్పాడు. తారుమారు చేసింది నేనేనని తెలిసే రాశాడా అని ఇప్పటికీ అడగలేదు. తెలియక రాసుంటే ఇంకా మంట. ఆ మంచితనం కూడా అతనికేనా?