పన్ను మీద పన్ను

మా మనవరాలు పళ్ళ డాక్టరీ చదువుతోంది. వచ్చే నెలలో బోర్డు పరీక్ష. వంకర పళ్ళను ఎలా పరీక్షించాలి, లోపం ఏమిటని తేల్చాలి, ఏది ముందు ఏది వెనక సరిచేయాలి అన్న పాఠాన్ని నాలుగు రోజులుగా ఇల్లంతా వినబడేలా వల్లెవేస్తూ, నిన్న పొద్దున నన్ను కిటికీ దగ్గర కుర్చీలో కూలేసి నోరు తెరవమంది. ఈ వయసులో నా నోట్లో మిగిలినవే ఎనిమిదో తొమ్మిదో. అయినా చిన్న అద్దం పెట్టి ముందునుంచీ పక్కనుంచీ చూసి, ఎడమవైపు పై వరుసలో పక్కపన్ను మీదికెక్కి కూర్చున్న కోరపన్నును తట్టి, దీన్ని చిన్నప్పుడే ఎవరికైనా ఎందుకు చూపించలేదని గద్దించింది. చూపించకపోవడమేమిటి తల్లీ, ఊరు ఊరంతటికీ చూపించాను.

నా ఈడువాళ్ళకు ఆ రోజుల గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. నిజాం సర్కారూ ఉంది, దాన్ని ఎదిరించే కమ్యూనిస్టుల సంఘమూ ఉంది, ఎవరి మాట వినాలో తెలియక జనం నలిగిపోతున్న కాలం. నల్లగొండ పక్కనున్న పానగల్‌కు కోసెడు దూరంలో ఉన్న మా ఊరు, సర్కారుకు లెవీ ధాన్యం కొలవొద్దని, పన్ను కట్టొద్దని ఒట్టు పెట్టుకుంది. ఒట్టు తప్పిన ఇంటికి చాకలి రాడు, మంగలి రాడు, పొయ్యిలోకి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు. సరిగ్గా ఆ ఏడే, నా పన్నెండో ఏట, నాకు పన్ను మీద పన్ను వచ్చింది. అది అదృష్టమని మా అవ్వ మురిసిపోయేది గాని, ఆ అదృష్టాన్ని మోసేది నేను కదా! తోటిపిల్లలు కుండల దొంతితో పోల్చి నన్ను ‘దొంతీ’ అని పిలవడం మొదలుపెట్టాక, ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా నేను గడప దాటింది లేదు, నలుగురిలో నవ్వింది అసలే లేదు.

నల్లగొండకు పళ్ళకు తీగ కట్టే డాక్టరు ఒకాయన వచ్చాడని విని, మా బాపు ఒకనాటి పొద్దున్నే బండి కట్టి నన్ను ఎక్కించుకున్నాడు. మా బాపు పది మాటలు కావలసిన చోట మూడు వాడి తక్కినవి దాచుకొనే మనిషి, పైగా ముక్కుమీద కోపం. ఊరి చివర బడి అరుగుమీద కాపలా ఉన్న సంఘం వాళ్ళు బండి ఆపి ఎక్కడికని అడిగితే ఆయన చెప్పిన సమాధానం ఇది:

"పన్ను మీద పన్ను వచ్చె, ఎన్నొద్దులని ఓర్సుకుందుము? నల్లగొండల కట్టిచ్చి వస్తం."

అంతే, ఎడ్లను విప్పేశారు. సంఘం నాయకుడు బయటికి వచ్చాడు. ఆయనది మా ఊరు కాదు, చిన్నా పెద్దా అందరూ అన్నా అనే పిలిచేవారు. ఊరంతా వద్దన్న పని నువ్వొక్కడివే ఎలా చేస్తావని ఆయన నెమ్మదిగానే అడిగాడు గాని, బాపుకు చిర్రెత్తుకొచ్చి, నా ఇంటి పన్ను నా ఇష్టం, మధ్యన మీకేమిటని ఎగిరాడు. జనం మూగారు. ఎంత వచ్చిందని ఒకరు అడిగితే బాపు గోరంత అన్నాడు, గోరంత పన్నుకే ఒట్టు తప్పుతావా అని వాళ్ళు మరింత మండిపడ్డారు. ఇక రేపటినుంచి మా ఇంట్లో నిప్పు లేనట్టేనని ఎవరో తీర్పు కూడా చెప్పేశారు.

ఎవరు ఏ పన్ను గురించి మాట్లాడుతున్నారో అందరికంటే ముందు తెలిసింది నాకే. చెబుదామంటే నోరు తెరవాలి. ఏడాదిగా దాచుకున్నదాన్ని, నన్ను వెక్కిరించిన పిల్లల ముందే, వాళ్ళ తల్లిదండ్రుల ముందే బయటపెట్టాలి. సిగ్గుతో చచ్చిపోతానేమో అనిపించింది, కాని బాపును వెలివేస్తారన్న భయం అంతకంటే పెద్దది. బండి దిగి, కొంగు తీసేసి, ఆ అన్న ముందు నిలబడి నోరు బార్లా తెరిచాను.

ఏ బోర్డు పరీక్షా పాసు కాని ఆ మనిషి వంగి ముందునుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు, పళ్ళు బిగించమన్నాడు, మళ్ళీ తెరవమన్నాడు. రోగం తేల్చి, చికిత్స కూడా చెప్పాడు.

"గిది సర్కారు పన్ను కాదు, మన పిల్ల పన్ను. కట్టిచ్చుకపో కాకా, సంఘం అడ్డం రాదు."

అని ఆయన పగలబడి నవ్వాడు, ఊరంతా నవ్వింది. ఆ నవ్వులో వెక్కిరింత లేదని నాకు ఎలా తెలిసిందో గాని నేనూ నవ్వాను, కొంగు అడ్డం లేకుండా, కడుపు నొప్పి పుట్టేదాకా. నవ్వు నాలుగు విధాల చేటు అంటారు, నాకు మాత్రం ఆనాటి నవ్వు మేలే చేసింది. అందరికంటే చివర, ఏడ్వాలో నవ్వాలో తెలియక, బాపు నవ్వాడు.

నల్లగొండ డాక్టరు చూసి నెలకు రమ్మన్నాడు. నెల తిరిగేలోగా దారులు మూసుకుపోయాయి, రజాకార్ల భయం ముదిరింది, ఆ మీదట యూనియన్ సైన్యం వచ్చింది, పన్ను ఉన్నచోటే ఉండిపోయింది. దాని గురించి నేను మళ్ళీ దిగులుపడలేదు. రజాకార్లు పోయారని ఊరు సంబరం చేసుకున్న కొన్నాళ్ళకే అదే సైన్యం సంఘం వాళ్ళకోసం ఊరూరా గాలించింది. ఆ అన్న అడవిలోకి వెళ్ళాడన్నారు, తిరిగి రాలేదు. ఇప్పుడు మా ఊరికి తారు రోడ్డు పడింది, ఎవరు ఎటు పోతున్నా ఆపి అడిగేవాళ్ళు లేరు, అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. ఆయన అసలు పేరు ఆనాడు ఎవరూ బయటికి చెప్పేవారు కాదు, తరువాత అడుగుదామంటే తెలిసినవాళ్ళు మిగల్లేదు. నాకు నవ్వు తిరిగి ఇచ్చిన మనిషిని తలుచుకోవడానికి ఇన్నేళ్ళుగా నా దగ్గర పేరైనా లేదు.