గరుకు కాలరు

చేతికి చిక్కిన గుడ్డ ఏదైనా సరే, అందులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించి చూడనిదే ఆవిడకు తోచదు. కర్టెన్లు, దిండు గలీబులు, చుట్టాల పిల్లల గౌన్లు, దేన్నీ వదల్లేదు. ఒకసారి పక్కింటావిడ కొత్త శాలువా కప్పుకుని వచ్చి "ఎలా ఉంది?" అని ముచ్చటగా అడిగింది. ఈవిడ అంచు నుంచి పోగు లాగి అంటించింది. అది నల్లటి పొగ కక్కుతూ ముద్దయిపోయింది. "ఉన్ని అని అమ్మాడా? అంతా ప్లాస్టిక్కేనమ్మా. పొయ్యి దగ్గరికి మాత్రం కప్పుకెళ్ళకు," అంది. పక్కింటావిడ మళ్ళీ చాలాకాలం గడప తొక్కలేదు. ఇలాంటి మనిషిని "అగ్గిపుల్ల" అనక మరేమంటారు? మనిషి కూడా అలాగే సన్నగా, నిటారుగా ఉంటుంది. గీస్తే అంటుకుంటుంది కూడా.

పిచ్చి అనుకునేరు! ఆవిడ ఉద్యోగమే అది. పెద్ద పెద్ద స్విచ్చు బోర్డుల దగ్గర ఒక్కోసారి కరెంటు తీగల్ని వదిలి గాలిలోకి దూకుతుంది. దాన్నే ఆర్క్ అంటారు. ఉండేది రెప్పపాటు, కానీ ఆ వేడికి రాగి కూడా ఆవిరవుతుంది. ఎదురుగా ఉన్న మనిషి చొక్కా అంటుకుందంటే ఇక చెప్పేదేముంది? సింథటిక్ బట్టయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అందుకని ఆ పనివాళ్ళకు మంటకు అంటుకోని బట్టతో ప్రత్యేకంగా సూట్లు కుడతారు. నిజంగా అంటుకోవా, లోపలికి ఎంత వేడి పోనిస్తాయి అని తేల్చే లాబులో అగ్గిపుల్లది పని. అక్కడ నడుము పైభాగం మాత్రమే ఉన్న బొమ్మ ఒకటుంది. దానికి సూటు తొడిగి, ఎదురుగా ఆర్క్ పుట్టించి, బొమ్మ ఒంటికి ఎంత వేడి తగిలిందో కొలుస్తారు. ఎప్పుడూ కొత్త బట్టలు పెట్టించుకుంటాడు, ఒక్క పనీ చెయ్యడు కాబట్టి ఆ బొమ్మకు లాబులో అందరూ "అల్లుడుగారు" అని పేరు పెట్టారు.

ఆవిడ పెళ్ళి కూడా పోగు దగ్గరే మొదలైంది. ఆయన ఒక ఫ్యాక్టరీలో స్విచ్చు బోర్డుల ఫిట్టరు. పాత సూట్లు అప్పజెప్పడానికి లాబుకు వచ్చినప్పుడు, ఈవిడ ఆయన చొక్కా చేతి మడతలోంచి పోగు లాగి అంటించింది.

"సూటు లోపల ఈ చొక్కా వేసుకునేనా బోర్డుల దగ్గరికి వెళ్ళేది?"

"అవునండీ."

"ఎంతకాలం బతుకుదామని?"

ఆయన మర్నాడు నూలు చొక్కా వేసుకొచ్చి, "ఇది కూడా కాస్త చూస్తారా?" అన్నాడు. ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఉన్న చొక్కాలన్నీ అయిపోయాక, ఇక వేరే సాకు లేక పెళ్ళి సంగతి ఎత్తాడు.

అత్తగారు జీవితమంతా కుట్టుమిషను తొక్కి కొడుకును పెంచిన మనిషి. కోడలి ఉద్యోగం ఏమిటో తెలిశాక ముక్కున వేలేసుకుంది. "లోకంలో అందరూ బట్టలు కుట్టి బతికితే, మా కోడలు బట్టలు తగలబెట్టి జీతం తెచ్చుకుంటోందమ్మా!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఇంట్లో కనిపించిన అగ్గిపెట్టెనల్లా తీసి మిషను సొరుగులో దాచేది. అగ్గిపుల్ల కొత్తది కొనేది, ఆవిడ దాచేది. అలా అని ఇద్దరికీ పడదని కాదు. కిటికీ దగ్గర కూర్చుని ఇద్దరూ ఆయన మీద చాడీలు చెప్పుకునేటప్పుడు చూడాలి, ఎంత పొందికో!

చాడీలకు కారణం లేకపోలేదు. ఆయన సూటు వేసుకుంటాడు కానీ మెడ దగ్గర జిప్పు మూయడు. ఆ కాలరు గోనెపట్టాలా గరుగ్గా ఉంటుంది. అగ్గిపుల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది, నెత్తీ నోరూ కొట్టుకుంది, అలిగింది, అన్నం మానేసింది. "మెడ ఒరుసుకుపోతోందే," అనేవాడాయన. "ఒరుసుకుపోతే మందు రాస్తాను. కాలితే ఏం రాయను?" అనేది ఈవిడ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి గడ్డం దాకా జిప్పు మూయడం మొదలుపెట్టాడు! ఫ్యాక్టరీకి పని మీద వెళ్ళిన అగ్గిపుల్ల కళ్ళారా చూసింది. ఇంటికొచ్చి, "చూశారా అత్తయ్యా, నా పోరు ఊరికే పోలేదు," అని మురిసిపోయింది. అత్తగారు మిషను తొక్కుతూ ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు ఏమిటో అగ్గిపుల్ల అడగలేదు. దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా?

ఇంతలో ఆ ఫ్యాక్టరీవాళ్ళు అందరికీ కొత్త సూట్లు కొనాలనుకున్నారు. మూడు రకాలు లాబుకు పంపి, ఏది కొనాలో తేల్చమన్నారు. వాడిన సూటు ఎంతవరకు నిలుస్తుందో కూడా తెలియాలని తమ స్టోర్సు నుంచి ఒక పాతది కూడా తీసి పంపారు. మొదటి మూడూ బాగానే నిలిచాయి. వాటిలో అన్నిటికన్నా మందంగా ఉన్నది, అన్నిటికన్నా ఎక్కువ వేడి ఆపినది, అగ్గిపుల్లకు తెగ నచ్చింది. "ఇదే. ఇంకో మాట లేదు," అనేసింది కూడా.

ఆఖర్న ఆమె కాయితాలు చూసుకుంటుంటే తోటివాళ్ళు పాత సూటును అల్లుడుగారికి తొడిగి, జిప్పు పైదాకా మూశారు. అందరూ అద్దపు తెర వెనక్కి చేరారు. ఫట్‌మంది. తెల్లటి వెలుగు. సూటు బట్ట నల్లబడింది కానీ అంటుకోలేదు. మెడ చుట్టూ మాత్రం మంట ఆరలేదు. కాలరు అంచు వెంబడి ఏదో కరిగి, బొట్లు బొట్లుగా అల్లుడుగారి మెడ మీదికి జారుతోంది.

అగ్గిపుల్ల దగ్గరికి వెళ్ళి చూసింది. కాలరు లోపల ఎవరో పట్టులా జారే సింథటిక్ గుడ్డ వేసి, అంచు మీదుగా మడిచి కుట్టారు. గుడ్డ రంగు సూటు రంగులో కలిసిపోయేలా ఉంది, అందుకే ఎవరి కంటా పడలేదు. వెనకవైపు కాలకుండా మిగిలిన ముక్క మీద చీమలబారు లాంటి సన్నని కుట్టు. ఆ కుట్టు ఆమెకు తెలుసు. ఇంట్లో దిండు గలీబులన్నిటికీ అదే కుట్టు.

 వెంటనే ఆయనకు ఫోను చేసింది.

"మీ సూటు కాలరుకు అత్తయ్య గుడ్డ వేసి కుట్టారా?"

"నువ్వు ఊరెళ్ళినప్పుడు కుట్టింది. నీకు తెలిస్తే అంటిస్తావని చెప్పలేదు. ఆ సూటు స్టోర్సువాళ్ళు తీసుకున్నారులే."

"ఇప్పుడు ఒంటి మీదున్నది?"

"దీనికీ కుట్టింది."

"విప్పండి!"

"ఇప్పుడా? ఇక్కడంతా జనం..."

"జనం లేదు గినం లేదు! బోర్డుకు దూరంగా జరిగి ముందు విప్పండి!"

ఆవిడ గొంతు అలా ఎన్నడూ వినలేదాయన. కిక్కురుమనకుండా విప్పేశాడు. ఫోనులో జిప్పు చప్పుడు వినబడేదాకా అగ్గిపుల్ల చెవి దగ్గరి నుంచి దాన్ని తియ్యలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు మిషను ముందే ఉంది. పక్కన కుర్చీలో సూట్ల గుట్ట. అగ్గిపుల్ల పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇవెక్కడివి అత్తయ్యా?"

"వాడి స్నేహితులవే. అందరి మెడలూ ఒరుసుకుపోతున్నాయట పాపం. మావాడి కాలరు చూసి మాకూ కుట్టిపెట్టమన్నారు," అంది అత్తగారు గర్వంగా. "నీ మాటకు కాదే అమ్మాయ్ వాడు జిప్పు మూసింది. నా కుట్టుకు!"

దారి పొడుగునా అగ్గిపుల్ల ఏమేమి అనాలో అన్నీ పేర్చుకుంది. ఆ వెలిగిపోతున్న ముఖం చూశాక ఒక్కటీ నోట రాలేదు. "మీకొకటి చూపించాలి, లేవండి," అని మాత్రం అంది.

"నా కుట్టుకు వంక పెడతావా ఏమిటి?" అంటూనే అత్తగారు చెప్పులేసుకుంది. దారంతా సణుగుతూనే ఉంది. లాబులో అల్లుడుగారిని చూడగానే సణుగుడు ఆగిపోయింది. కరిగి గడ్డకట్టిన నల్లటి బొట్టును వేలితో తాకింది.

"మావాడి మెడ ఇక్కడే కదా ఉండేది?"

"ఇక్కడే అత్తయ్యా."

అత్తగారు కుర్చీలో కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది. "నా చేతుల్తో నేనే పెట్టానే..." అంది. అగ్గిపుల్లకు కూడా ఏడుపు ఆగలేదు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడుస్తుంటే, లాబువాళ్ళు ఏం చెయ్యాలో తోచక తలో మూలకీ తప్పుకున్నారు.

కళ్ళు తుడుచుకున్నాక అత్తగారే ముందు తేరుకుంది. "బాగానే ఉంది కానీ, ఒకటి చెప్పు. మెత్తగా ఉంటే కాలుతుందంటావు. గరుగ్గా ఉంటే వాడు మూయడు. చిన్నప్పుడు బడి చొక్కా గుండీ కూడా పెట్టుకునేవాడు కాదు. మూయకపోతే మెడ కాలదూ?"

అగ్గిపుల్ల అల్లుడుగారి వైపు చూసింది. బొమ్మకు గరుకు తెలియదు కదా! ఎంత గట్టి కాలరైనా గడ్డం దాకా బిగించుకుని నోరు మూసుకుని నిలబడుతుంది. తను మెచ్చిన మందపాటి సూటును నిజం మనిషి తొడుక్కుంటే ఏమవుతుందో ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు.

"మీరే చూడండి," అని మూడు సూట్లూ అత్తగారి ఒళ్ళో పెట్టింది.

అత్తగారు కళ్ళు మూసుకుని ఒక్కొక్క కాలరునూ చెంపకు, మెడకు రాసుకుంది. అగ్గిపుల్లకు నచ్చినదానికి పెదవి విరిచింది. "ఇది తొడిగితే మూయడం అటుంచి, వాడు ఉద్యోగమే మానేస్తాడు." రెండోదానికి తల అడ్డంగా ఊపింది. మూడోదాన్ని మాత్రం మెడ దగ్గరి నుంచి తియ్యలేదు. దాని కాలరు లోపల, మంటకు అంటుకోని దారంతోనే అల్లిన మెత్తటి పట్టీ ఉంది. ఆ సూటు ఆపే వేడి మందపాటిదానికన్నా తక్కువే, కానీ ఆ ఫ్యాక్టరీ బోర్డులకు కావలసినదానికన్నా ఎక్కువే. అగ్గిపుల్ల లెక్క మళ్ళీ సరిచూసుకుంది. ఆ సూటే కొనమని రాసింది. ఆ రోజు నుంచి లాబులో పరీక్షకు వచ్చిన ప్రతి సూటునూ ముందు మనిషికి తొడిగి, జిప్పు మూయించి, వంగమని, లేవమని, తల తిప్పమని అడుగుతారు. అల్లుడుగారి వంతు ఆ తర్వాతే.

స్నేహితుల సూట్లకు కుట్టిన గుడ్డలన్నీ అత్తగారు తానే కుట్టు విప్పి పీకేసింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

కొత్త సూటు వచ్చిన పొద్దున ఆయన దాన్ని తొడుక్కుని, తల్లికీ పెళ్ళానికీ చూపించడానికి నిలబడ్డాడు. జిప్పు మూయబోతే అత్తగారు ఆపింది. కాలరు లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగింది. మిషను సొరుగు తెరిచి, ఇన్నాళ్ళూ దాచిన అగ్గిపెట్టెల్లోంచి ఒకటి తీసి కోడలికి ఇచ్చింది.

"నువ్వు అంటించవే."

అగ్గిపుల్ల అంటించింది. పోగు ఎర్రబడింది, నల్లబడింది, పుల్ల తియ్యగానే ఆరిపోయింది. కరగలేదు, బొట్టు కారలేదు. ఆయన గడ్డం దాకా జిప్పు లాక్కుని, "ఇక వెళ్ళనా?" అన్నాడు.

"ఆగరా," అంది అత్తగారు, కాలరు మీద మళ్ళీ చెయ్యి వేస్తూ. "ఇంకొక్కటి లాగుదామే అమ్మాయ్. నాకింకా నమ్మకం కుదరలేదు."