ఎడమ స్పీకర్ నాయుడిది, కుడి స్పీకర్ సింహాచలానిది

2023 చలికాలం. భిలాయిలో ఓ సెక్టార్ మార్కెట్‌లో ఉన్న నా రిపేరు దుకాణానికి పని బాగా తగ్గిపోయిన రోజులవి. జనం బ్లూటూత్ డబ్బాలు కొంటున్నారు, చెడిపోతే పారేస్తున్నారు. పాత ఆంప్లిఫైయర్లు ఉన్నవాళ్ళు అరుదుగా వస్తారు. వచ్చినవాళ్ళు మాత్రం ఓ పట్టాన వదలరు. ఒక మధ్యాహ్నం అలాగే అప్పలనాయుడు గారు వచ్చారు. స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి, రిసాలిలో సొంత ఇల్లు. చేతిలో ఏమీ లేదు.

"సెట్టు తేలేదేం బాబాయ్?" అన్నాను.

"సెట్టు కాదు బాబూ, రెండు సెట్లు. దేనికది పెడితే బంగారంలాగుంటాది. కలిపితే గుయ్యిమంటాది. నువ్వే రావాల."

రెండు సెట్లు కలపడమెందుకని అడిగాను. వచ్చి చూడమన్నారు. ఊరికే చూద్దామని వెళ్ళాను. నిజం చెప్పాలంటే దుకాణంలో ఈగలు తోలుకోవడం విసుగనిపించింది.

ఆ ఇంట్లో ఆయనొక్కరే. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ముందు గదిలో టీవీ లేదు. గోడకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెద్ద స్పీకర్లు. ఒక్కో స్పీకర్ ముందు ఒక్కో నవారు కుర్చీ. మధ్యలో బల్ల మీద క్యాసెట్ డెక్, దానికి రెండు వైపులా రెండు ఆంప్లిఫైయర్లు. ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది. కంపెనీలు వేరు, శక్తి వేరు, పోలికే లేదు.

"ఈ నల్లది నాది. ఆ తెల్లది సింహాచలానిది" అన్నారు. "క్యాంప్ వన్ బస్తీలో పక్కపక్క ఇళ్ళు మాయి. ఒకే షిఫ్టు. ఎవుడి ఆంప్లిఫైయర్ గొప్పదో తేల్చీడానికి ఇలగ పెట్టినాం. ఎడమ స్పీకర్ నాది, కుడి స్పీకర్ ఆడిది. ఆదివారం వొస్తే ఎవుడి కుర్చీలో ఆడు కూకుని ఇనీవోళ్ళం."

"తేలిందా మరి?"

"ఏటి తేల్తాది? నాదే బాగున్నాదని నేను, ఆడిదే బాగున్నాదని ఆడు. సచ్చీదాకా ఒప్పుకోనేదు ఎదవ."

సింహాచలం ఆ ముందటేడు పోయాడట. ఆయన భార్య రాయపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ ఆ సెట్టుని నాయుడు గారి చేతుల్లో పెట్టింది. ఈయన ఈ ఇంట్లో మునుపటిలాగే అమర్చుకున్నారు. ఇప్పుడు పాటకంటే గుయ్యిమనే మోతే ఎక్కువ. ఇంకో దుకాణంవాడు, ఒకటి చాలుగా, రెండోది పాత సామాన్లు కొనే కబాడీకి వేసెయ్యమన్నాడట.

"అది పలక్కపోతే నాదీ కట్టీసి అటక మీద పడీస్తాను. ఇక పాటలే వొద్దు" అన్నారు నాయుడు గారు. ఉత్తి మాటగా అనలేదు.

పని మొదలుపెట్టాను. సింహాచలం ఆంప్లిఫైయర్‌ని డెక్ నుంచి విడదీస్తే మోత పోయింది. దాన్ని తగిలించి నాయుడు గారిది విడదీసినా పోయింది. రెండూ ఉంటేనే వస్తోంది. అంటే రోగం సెట్లలో లేదు, వాటి మధ్య ఉంది. బల్ల వెనక్కి దూరి చూద్దును కదా, ఆకుపచ్చ వైర్లు! నల్లదాని ఇనప ఒంటి నుంచి ఒక వైరు నీళ్ళ కుళాయి గొట్టానికి. తెల్లదాని నుంచి ఇంకోటి కిటికీలోంచి పెరట్లోకి. అక్కడ ఉప్పు, బొగ్గు పోసి ఆయనే ఈమధ్య పద్ధతిగా ఎర్త్ పిట్ తవ్వారు.

"ఇదేంటి బాబాయ్?"

"రెండు ఎర్తులు ఉండాల. అది రూలు. ప్లాంట్‌లో ఒక్క ఎర్త్‌తో మోటార్ నడిపితే ఫోర్‌మన్ ఊరుకుంటాడేటి?"

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. దీన్ని మా పనిలో గ్రౌండ్ లూప్ అంటారు. రెండు ఆంప్లిఫైయర్ల ఒళ్ళూ డెక్ తీగల ద్వారా ఎలాగూ కలిసే ఉంటాయి. రెండింటినీ వేరువేరు చోట్ల నేలకి కలిపితే, ఆ రెండు చోట్ల మధ్య ఉండే కొద్దిపాటి తేడాకే తీగల్లో కరెంటు తిరుగుతుంది. స్పీకర్లో వినబడే మోత అదే.

"ప్లాంట్‌లో ఎన్ని ఎర్తులున్నా నేల కింద అన్నీ ఒకే గ్రిడ్‌లో కలుస్తాయి కదా బాబాయ్. మీ కుళాయి, మీ పిట్ ఎక్కడ కలిశాయి?"

ఆయన ఒక్క క్షణం కిటికీ వైపు చూసి, "అరె యార్!" అని నుదురు కొట్టుకున్నారు. ఇక వివరించాల్సిన పనిలేకపోయింది. కుళాయి వైరు విప్పేసి, రెండు సెట్లనీ పెరట్లో పిట్‌కే ఒకే చోట కలిపాం. మోత ఆగింది.

తర్వాత రెండో చిక్కు. తెల్లదాని గెయిన్ ఎక్కువ, అంటే డెక్ నుంచి అంతే శబ్దం అందుకుని ఇంకా గట్టిగా పలుకుతుంది. లోపలికొచ్చే దారిలో చిన్న రెసిస్టర్లు పెట్టి అణిచాను. అయినా పాట పల్చగా, గాలిలో తేలుతున్నట్టుంది. ఈ రకం ఆంప్లిఫైయర్లు కొన్ని శబ్దాన్ని తలకిందులు చేసి పంపుతాయి. ఒక స్పీకర్ ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. కుడి స్పీకర్‌కి ఎరుపు, నలుపు వైర్లు అటూ ఇటూ మార్చాను. గొంతుకి నిండుదనం వచ్చింది.

"ఇప్పుడు కూర్చుని వినండి" అన్నాను.

ఆయన ఎడమ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. "నాదే బాగున్నాది" అన్నారు గర్వంగా.

నేను కుడి కుర్చీలో కూలబడ్డాను. నాకు తెల్లదే స్పష్టంగా వినబడుతోంది. అప్పుడు వెలిగింది. స్పీకర్ ఎంత దగ్గరగా ఉంటే అది అంత బాగా వినిపిస్తుంది. ఈ మాత్రం దానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

"బాబాయ్, మీరెప్పుడైనా ఈ కుర్చీలో కూర్చున్నారా?"

"ఛ! అందులో కూకుంటే ఓడిపోయినట్టే. ఆడూ నా కుర్చీలో కూకోనేదు."

లేచి, కూర్చోమన్నాను. చాలాసేపు నిలబడిపోయారు. కుర్చీ వీపు పట్టుకుని, వదిలేసి, మళ్ళీ పట్టుకున్నారు. ఆఖరికి నెమ్మదిగా కూర్చున్నారు. పాట పల్లవి అయిపోయి చరణంలో పడింది. ఆయన మొహం మారిపోయింది.

"ఇది... ఆడిదే బాగున్నాది."

"ఇక్కడినుంచి అంతే బాబాయ్. అక్కడినుంచి మీదే బాగుంటుంది. మీ ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు."

పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వారు. "ముప్పయ్యేళ్ళు కొట్టుకున్నాంరా బాబూ! ఒక్కసారి కుర్చీ మారితే సరిపోయీది!" అన్నారు. నవ్వుతూనే ఎడమ కుర్చీ వైపు తిరిగి, "ఒరే సింహాచలం, ఇన్నావేటి..." అనేశారు.

ఆ కుర్చీ ఆయనదే. సింహాచలం కుర్చీలో ఇప్పుడు ఆయనే ఉన్నారు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పాట మాత్రం సాగుతోంది.

"ఈ మాట ఆడికి చెప్తే ఎంత నవ్వీవోడో" అన్నారు. "ఇప్పుడు తెలిసి నాకేటి లాభం?"

నేను సామాన్లు సర్దుకోకుండా ఎడమ కుర్చీలో కూర్చున్నాను. క్యాసెట్ ఆ వైపు అయిపోయేదాకా ఇద్దరం విన్నాం. అయిపోయాక, "నీకేది బాగున్నాది?" అని అడిగారు. నల్లదే అన్నాను. "అవునా మరి!" అని మురిసిపోయి, వెంటనే "కాదు, తెల్లదే" అన్నారాయన, సింహాచలం తరఫున.

అప్పటినుంచీ ఏ ఇంటికి వెళ్ళినా సెట్టు విప్పేముందు, ఎవరెవరు ఎక్కడ కూర్చుని వింటారో అడుగుతున్నాను. వైర్లు చూస్తే తెలియని సంగతులు ఆ జవాబులో తెలుస్తాయి. ఇక నా సొంత సిస్టమ్ సంగతి. నేను ఒంటరివాణ్ణి. నా గదిలో కుర్చీ సరిగ్గా రెండు స్పీకర్ల నడిమధ్య ఉంటుంది. బ్యాలెన్స్‌లో వెంట్రుకవాసి తేడా ఉండదు. వినేది ఒక్కడే కాబట్టి అది సాధ్యమైంది. నాయుడు గారింటికి వెళ్ళిరాకముందు దాన్ని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి.