సాంబయ్య బాబాయి నైన్ ఐరన్

2022 ఎండాకాలం. నరసరావుపేటలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి పదేళ్లు దాటింది. వచ్చేవాళ్లంతా "చెయ్యి ఎప్పుడు లేస్తుందమ్మా?" అని అడుగుతారు. కారంపూడి నుంచి వచ్చిన సాంబయ్య బాబాయి మాత్రం, "నైన్ ఐరన్‌తో మళ్లీ నూట ఇరవై గజాలు ఎప్పుడు కొడతానమ్మా?" అన్నాడు.

ఆయన మిలిటరీలో పనిచేశాడు. గోల్ఫ్ అక్కడే అబ్బింది. నైన్ ఐరన్ అంటే దగ్గరి దూరాలకు వాడే పొట్టి కర్ర. దాంతో కొత్తవాళ్లు ఎనభై గజాలు కొడితే గొప్ప, చెయ్యి తిరిగినవాళ్లు నూట ముప్పై దాకా కొడతారు, పెద్ద పోటీల్లో ఆడేవాళ్లకు నూట యాభై కూడా లెక్కలేదట. ఇదంతా ఆయన చెప్పిందే. బండి మీద నుంచి పడి కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఫ్రోజెన్ షోల్డర్ మిగిలింది, అంటే కీలు బిగుసుకుపోయింది.

నెల తిరక్కుండానే రావడం మానేశాడు. భార్య రత్తమ్మ పిన్ని ఫోన్ చేసింది.

"రెండు బంతులు కొట్టి చూసుకున్నాడమ్మా. సగం దూరం కూడా పోలా. కర్ర అటక మీద పారేసి, ఇంక ఈ చెయ్యి ఎందుకంటన్నాడు."

వదిలేస్తే ఆ భుజం జన్మంతా అంతే. నాకు ఒళ్లు మండి, ఆదివారం వాళ్లింటికే వెళ్లాను. కర్ర దింపించి, మిరపకాయలు ఎత్తేసిన కల్లంలో నేనే ఊపాను. బంతి కదల్లేదు, మట్టి మాత్రం నా మొహాన పడింది. బాబాయి పకపకా నవ్వాడు.

"నువ్వు రా పిన్నీ" అన్నాను. ఇన్నేళ్లూ బంతులు ఏరి తెచ్చిందే గానీ ఆమె ఏనాడూ కర్ర పట్టలేదు. చెంగు దోపుకుని కొట్టింది. బంతి ముప్పై గజాల అవతల పడింది.

"ఒసేయ్, ఏందే అది! భుజం తిప్పవే, ఇట్టా!" అంటూ ఆయన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. నా టేబుల్ మీద ఎన్నడూ లేవనంత ఎత్తుకు లేచింది. ఆయన గమనించలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత ఒక్క వ్యాయామం మానలేదు. పిన్నికి నేర్పాలంటే చెయ్యి ఆడాలి కదా.

వానలు పడ్డాక ఇద్దరూ వచ్చారు. "మీ పిన్ని యాభై దాటించిందమ్మా!" అన్నాడు గుమ్మంలోంచే.

"ఊరుకోవయ్యా, ఊరంతా చెప్తన్నాడమ్మా" అంది పిన్ని.

"మరి మీది ఎంత పోతోంది బాబాయ్?"

"నాది చూసుకోలేదమ్మా."

అప్పటి నుంచి, క్లినిక్‌కి ఎవరొచ్చినా, చెయ్యి ఎంత లేస్తోందో కొలిచే ముందు, అది ఎవరి కోసం లేవాలో అడుగుతున్నాను.