ఎద్దులకు వయసు పెట్టిన వారం

కడపలో ఎరువుల దుకాణం పైగదిలో కూర్చుని నేనూ నా స్నేహితుడూ బండలాగుడు పోటీల మీద ఒక ఆన్‌లైన్ గేము తయారుచేశాం. ఆడేవాళ్లు ఎవరి ఫోన్లో వాళ్లు ఒక కోడెల జతను పెంచి, మేపి, బండకు కట్టి మిగతావాళ్ల జతలతో పోటీ పడాలి. మొదటి ఏడాది చేరినవాళ్లే దాన్ని నిలబెట్టారు. వాళ్లు లేకపోతే మేం ఎప్పుడో ఆ గది ఖాళీ చేసి ఉండేవాళ్లం.

చిక్కూ వాళ్లతోనే వచ్చింది. ఏళ్ల తరబడి మేపిన వాళ్ల ఎద్దుల ముందు కొత్తవాళ్ల జతలు నిలబడలేకపోయేవి. కొత్తవాళ్లు రెండు మూడు పోటీలు ఓడి ముఖం చాటేసేవాళ్లు. దానికితోడు నాకు మొదటినుంచీ ఒక మొండి అభిప్రాయం: ముసలితనం రానిది ఎద్దు కాదు, ట్రాక్టరు. అందుకే ఎద్దులకు వయసు పెడుతున్నానని ప్రకటించాను. ఇకమీదట వాటి బలం మెల్లగా తగ్గుతుంది, చివరికి చచ్చిపోతాయి. వచ్చే ఆదివారం సాయంత్రం నుంచి అమలు.

మరుసటి రోజు నందికొట్కూరు వైపు రైతు ఒకాయన ఫోన్ చేశాడు. గేము మొదలైన నాటినుంచీ ఆడుతున్న మనిషి, పాతవాళ్లందరికీ పెద్దదిక్కు.

“ఏమప్పా, మా ఎద్దులకు వయసు పెడతాండావంట?”

“ఎప్పటికైనా పెట్టాల్సిందే కదన్నా.”

“నా కత నీకు తెలుసు గదా. కరువులో కాడెద్దుల్ని సంతకు తోలి అమ్ముకున్నోన్ని. ఆ మచ్చలు, ఆ కొమ్ములు గుర్తు పెట్టుకోని నీ ఆటలో ఈ జతను పెంచుకున్నా. ఇవన్నా మిగలొద్దా? నా కండ్ల ముందర పడిపోవాల్నా?”

నాకు జాలి వేసింది. జాలికంటే ఎక్కువగా చిరాకు వేసింది. ఒకరి కోసం ఆపితే ఇక ఆట వాళ్లదే అవుతుంది, నాది కాదు. కుదరదన్నాను. “సరేలేప్పా” అని ఫోన్ పెట్టేశాడు.

పాతవాళ్లు నన్ను దుమ్మెత్తిపోశారు. అది నాకు అలవాటే. తిడుతున్నారంటే ఇంకా మనవాళ్లే అన్నమాట. శుక్రవారం తిట్లు ఆగిపోయాయి. ఒక్క సందేశం లేదు. దారికొచ్చారని నా స్నేహితుడు సంబరపడ్డాడు. నాకు మాత్రం అన్నం సహించలేదు.

ఆదివారం మధ్యాహ్నం నా స్నేహితుడు తెర చూస్తూ నన్ను పిలిచాడు. పాతవాళ్లందరూ వచ్చారు. పోటీ మైదానంలో ఒక్కరూ లేరు. అందరూ తమ జతలతో సంతలో నిలబడి ఉన్నారు. ఊళ్లలో ఉంటుంది కదా అని గేములోనూ ఒక సంత పెట్టాం. అక్కడ అమ్మితే లారీ వచ్చి ఎద్దుల్ని ఎక్కించుకుపోతుంది, అవి ఇక తిరిగి రావు. అప్పటిదాకా ఆ సంతకు ఎవరూ జతను తోలుకెళ్లలేదు.

ఒక లారీ వచ్చింది. దాని వెనక ఇంకొకటి.

“సంత మూసేద్దామా?” అన్నాడు స్నేహితుడు.

నేను గేములో మాట్లాడే మైకు పెట్టుకుని ఆ రైతును పిలిచాను. “అన్నా, ఆగన్నా. వయసు తీసేస్తా. ఇప్పుడే తీసేస్తా.”

“తీసేస్తావప్పా. మళ్లా ఎప్పుడు పెడతావో అని దినామూ భయపడుకుంటా మేపాల్నా?” ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. “కరువును అడిగేదానికి లేకపాయ. నిన్ను అడిగినా. నువ్వు కుదరదంటివి.”

ఆయన జత లారీ ఎక్కింది. మేం చూస్తుండగానే సంత ఖాళీ అయింది. నియమాన్ని ఆపాలన్న ధ్యాస మా ఇద్దరికీ లేకపోయింది. చెప్పిన సమయానికి వయసు అమల్లోకి వచ్చింది. ముసలవడానికి ఒక్క పాత ఎద్దూ మిగల్లేదు.