అమ్మ ముఖం తేలిన తమలపాకు

మేడ మీద నేనేం చేస్తున్నానో మావాళ్ళలో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పటమటలో మా కింద వాటావాళ్ళయితే ఏవో ఆకులు ఎండబెట్టుకుంటున్నాననే అనుకుంటారు. నేను చేసేవి ఫోటోలు. పచ్చి ఆకు మీద, ప్లాస్టిక్ షీటుపై ప్రింటు తీయించిన ఫోటో పరిచి, పైన గాజుపలక పెట్టి ఎండలో ఉంచుతాను. ఎండ తగిలినచోట ఆకు పాలిపోతుంది, నీడ పడినచోట పచ్చగా మిగులుతుంది. మెల్లగా ముఖం తేలుతుంది. షీటు తీసిచ్చిన గవర్నర్‌పేట జిరాక్స్ షాపతను, "ఆకెందుకండీ, ఫ్లెక్సీ వేయించుకోండి" అన్నాడు. అదీ నేను మర్చిపోలేదు.

అమ్మ పోయి ఏడాదైనప్పుడు గన్నవరంలో అన్నయ్య ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. నాకు చెప్పింది ముందురోజు సాయంత్రం. ఆ తేదీ ఒకరు చెప్తే గానీ తెలియనివాణ్ణి కాదు కనుక అప్పటికే పని మొదలుపెట్టాను. అన్నం తిన్నాక ఆకువక్క లేనిదే అమ్మకు తోచేది కాదు. అందుకే తమలపాకు ఎంచుకున్నాను. ఎన్నో ఆకులు వాడిపోయాక ఒకదాని మీద అమ్మ వచ్చింది, కళ్ళజోడుతో సహా. వాడిపోకుండా తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను.

వంట హడావిడిలో ఉన్న వదిన గుడ్డ అందుకుంది. "ఆకులు తెచ్చావా, మంచి పని చేశావయ్యా" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. నా మాట వినేదెవరు?

భోజనాలయ్యాక చూస్తే, అన్నయ్య అప్పటికే నములుతున్నాడు. తమలపాకుల పళ్ళెంలో వెతికాను. నా ఆకు లేదు.

"అన్నయ్యా, అందులో అమ్మ ఉంది."

"ఎందులోరా?"

"నువ్వు వేసుకున్న ఆకులో. ఫోటో."

అందరూ నవ్వారు. వదిన, "తెల్లగా ఉంటే పండాకేమో అనుకున్నా" అంది. బావ, "ఇంకేం, మీ అమ్మ మీ అన్నయ్య కడుపు చల్లగా చూసుకుంటుందిలే" అన్నాడు. అన్నయ్య మాత్రం, "ముందే చెప్పాలి కదరా" అని పెరట్లోకి వెళ్ళాడు ఉమ్మడానికి.

తర్వాత మళ్ళీ అలాంటి ఆకు రాలేదు. మేడ మీద ఒక్కణ్ణే కూర్చుని గాజుపలకలు తిప్పుతూనే ఉన్నాను. అమ్మ ముఖం మరకలా వస్తుంది, కళ్ళు రావు. ఫోనులో ఆ ఆకు సంగతి అడిగితే అన్నయ్య కాలవలకు నీళ్ళు వదిలారా లేదా అని మాట మారుస్తాడు.

అన్నయ్య తన తమలపాకుకు సున్నం తనే రాసుకుంటాడు, అదీ వెనకవైపు. వెనక్కి తిప్పాలంటే ముందువైపు కళ్ళబడాలి. తిన్నందుకు నేనేమీ అనను. ఆ ముఖాన్ని చూసింది నేనొక్కణ్ణేనా, మనిద్దరమా? అన్నయ్యా, ఈసారి మాట మార్చకుండా చెప్పు.