జాజు ఎవలు పూస్తే వాళ్ళదే

మొన్న మా చిన్నమ్మ కొడుకు ఫోన్‌లో రంగుల అట్ట ఫొటో ఒకటి పంపించాడు. కల్వకుర్తిలో రంగుల దుకాణంవాడు ఇచ్చాడట. అందులో నానిన ఇటుక రంగులో ఉన్న గడి చుట్టూ గీత గీసి, "అక్కా, గీ టెర్రకోటా మంచిగున్నది. రెండిండ్లకు ముంగట ఒక్కటే ఎయ్యిద్దామా?" అని అడిగాడు. టెర్రకోటా అట. జాజు అనడానికి నోరు రాలేదు వాడికి. ఆ జాజుతోనే వాళ్ళమ్మ మా అమ్మను ఎన్ని పండుగలకు ఏడిపించిందో వాడికి తెలియనిది కాదు. జవాబివ్వకుండా ఫోన్ పక్కన పడేశాను.

జాజు తెలియనివాళ్ళు ఉంటారు, చెప్పాలి. పుస్తకాల్లో జేగురు అంటారు, కొన్నిచోట్ల కావి అంటారు. పూర్తిగా ఎరుపూ కాదు, గోధుమరంగూ కాదు, ఆ మధ్యది. మా దిక్కు అంగట్లో మట్టిగడ్డలుగా దొరుకుతుంది. పాతకుండలో నానేసి, గుడ్డపీలికతో గోడ అడుగున పట్టెలాగా, అరుగుకైతే నిండుగా పూస్తారు. ఆరిన తర్వాత సున్నంతో ముగ్గు పెడతారు. మా బడిలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన టీచరమ్మ ఒకామె ఉండేది. ఒక దసరా ముందు ఆమెతో "ఇప్పుడు మా ఊళ్ళో ఇంటింటా జాజు పూస్తుంటారు" అన్నాను. "అంత విరగబూస్తున్నాయా? నాకూ నాలుగు తెండి" అంది, జాజిపూలనుకుని. తెచ్చాను. నాలుగు గడ్డలు పొట్లం కట్టి చేతిలో పెట్టి, జడలో పెట్టుకోమన్నాను. ఆమె నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మా వంశంలో జాజుకు ఆ గుణం ఉంది, మనుషుల మధ్య మాటలు పోగొడుతుంది.

బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు వేరుపడ్డప్పుడు అర్రలు పంచుకున్నారు, వెనుక జాగా పంచుకున్నారు. వీధివైపు అరుగు ఒక్కటే తెగలేదు. మా తలుపు పక్కనే ఉంది కాబట్టి మాదని అమ్మ, మా తాత కట్టించిన అరుగులో తనకూ హక్కుందని చిన్నమ్మ. బాపుకు పక్షవాతం వచ్చి కాలు పడిపోయాక పొద్దంతా దాని మీదే ఉండేవాడు. దారిన పోయేవాళ్ళు "ఏం పెద్దన్నా, తిన్నవా" అని పలకరించేవాళ్ళు. అరుగు పోతే ఆ మనిషి చీకటి అర్రలో మంచానికి అంటుకుపోతాడు. అమ్మ భయమంతా అదే. మా ఊళ్ళో ఒక రివాజు ఉంది, జాజు ఎవలు పూస్తే గోడ వాళ్ళదే అని. చిన్నమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది. పండుగ పండుగకూ తన పట్టెను నాలుగు వేళ్ళు మా వైపు జరిపేది. "సనువిస్తె సంకనెక్కుతాంది" అనుకుంటూ అమ్మ దాని మీద పేడ అలికేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, దసరా ముందర, అమ్మకు జ్వరం ముదిరితే కల్వకుర్తి దవాఖానలో చేర్చాను. బాపును నా ఇంటికి తెచ్చుకున్నాను. ఇద్దరినీ తిరిగి ఊరికి తీసుకుపోయేసరికి అరుగు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడితడి జాజుతో మెరుస్తోంది. చిన్నమ్మ పక్కన కూర్చుని ముగ్గుకు సున్నం కలుపుతోంది. "అక్క లేకపాయె గదా, పండుగపూట అరుగు బోడిగ ఉంటదా అని పూసిన" అంది. ఆమె మెత్తగా మాట్లాడినప్పుడే నాకు ఒళ్ళు మండేది. ఊరి పెద్దమనిషిని కూడా ఆమే ముందుగా పిలిపించి పెట్టింది. ఆయన గడ్డం గోక్కుని, "రివాజు రివాజే గదమ్మా. జాజు ఏడిదాకుంటే ఇల్లు ఆడిదాక" అన్నాడు. బాపు ఆటోలోంచి అరుగువైపే చూస్తున్నాడు.

అమ్మ ఆటో దిగింది. నేను కొనిచ్చిన లేతపసుపు నేతచీర కట్టుకుని ఉంది. పోయి ఆ తడి జాజు మీద కూర్చుంది. కూర్చునే ఒక చివరి నుంచి ఇంకో చివరికి జరిగింది, మళ్ళీ వెనక్కి జరిగింది. మిగిలినదాన్ని కొంగుతో తుడిచింది. లేచి పెద్దమనిషికి వీపు తిప్పి నిలబడింది.

"సూడు పెద్దయ్యా, జాజు నా చీరెకున్నది. చీరె నాది. ఇగ చెప్పు, అరుగెవలది?"

ఆయన నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకుని, "తియ్ తల్లీ, నీదే" అన్నాడు. ఆ సాయంత్రమే బాపును అరుగు మీద కూర్చోబెట్టాం. దసరానాడు పగవాళ్ళు కూడా జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయిబలాయి తీసుకుంటారు. చిన్నమ్మ మా గడప తొక్కలేదు, మేమూ పోలేదు.

ఆ తర్వాత బాపు ఆ అరుగు మీదే కన్నుమూశాడు, కొన్నాళ్ళకు అమ్మా పోయింది. రెండుసార్లూ చిన్నమ్మ వచ్చి ఏడ్చింది. నేను ఆమె మొహం చూడలేదు.

ఆ ఫొటో వచ్చిన వారానికి పండుగ ముందర ఊరికి పోయాను. చిన్నమ్మ పట్టె పచ్చిగా, ఎర్రగా ఉంది, సరిగ్గా మా గోడ మొదలయ్యే దగ్గర ఆగిపోయింది. మా అరుగు పగుళ్ళిచ్చి బోడిగా ఉంది. "ఏమైంది, ఆగినవ్? ఇప్పుడు అడ్డమెవరున్నరు?" అని గడపలో కూర్చున్న చిన్నమ్మను అడిగాను.

"అదే గద బిడ్డా. తుడిసేటామె లేకపాయె. ఎవలి మీద పూయాలె?"

జాలి కలిగిందని రాస్తే అబద్ధం. ఇంకా మండింది. మా అమ్మ లేని లోటును కూడా తన వాటాలో వేసుకుంటోంది. అంగడికి పోయి జాజు తెచ్చి, నానేసి, అరుగంతా నేనే పూశాను. పూస్తూ పూస్తూ చిన్నమ్మ గోడ మీదికి నాలుగు వేళ్ళు జరిపాను. ఆమె కళ్ళు చికిలించి చూసింది. "గీమె సుత సనువిస్తె సంకనెక్కుతాంది" అని, మోకాళ్ళు పట్టుకుని లేచి, పేడబుట్ట కోసం వెనక్కి నడిచింది.

టెర్రకోటా వద్దని తమ్ముడికి చెప్పాను. అది వేస్తే ఏళ్ళకేళ్ళు చెక్కు చెదరదట. జాజు ఒక్క వానాకాలానికే పోతుంది, ఏటా ఎవరో ఒకరు మళ్ళీ పూయవలసిందే, ఇంకొకరు తుడవవలసిందే.